పన్నెండు వారాల తరువాత మళ్ళీ రక్తమెందుకు?

పెళ్ళి కుదిరిందంటే మన పల్లెలవారు ఒకసారి బేగం బజార్‌కు బయలుదేరవలసిందే. ఇత్తడి బిందెలు, స్టీలు సామాను, జీడిపప్పు, ఎండుమిర్చి, చివరకు విందులో వేసే విస్తళ్ళు కూడా అక్కడ టోకు ధరకు దొరుకుతాయి. నిజాం అలీఖాన్ భార్య హమ్‌దా బేగం ఈ స్థలాన్ని వర్తకులకు ఇచ్చిందని, అందుకే ఆ పేరు వచ్చిందని చెబుతారు. బజారు దాటి అఫ్జల్‌గంజ్ వైపు కాస్త నడిస్తే ఉస్మానియా ఆసుపత్రి. అందువలన ఒక చేతిలో సామాను చీటీ, మరొక చేతిలో డాక్టరు చీటీ పట్టుకుని తిరిగే కుటుంబాలు ఆ వీధులకు కొత్త కాదు.

అటువంటి ఒక కుటుంబాన్ని కలుసుకోవడానికే మేమిద్దరము ఒక ఉదయము బేగం బజార్ ఛత్రి దగ్గరకు వెళ్ళాము. వారిది వికారాబాదు వైపు ఒక పల్లె. చిన్నమ్మాయి పెళ్ళి సామానుకు తల్లి, తండ్రి, ఇద్దరు కూతుళ్ళు వచ్చారు. వారి పాస్టరుగారు ముందురోజే ఫోను చేసి, "పెద్దమ్మాయి రక్తపరీక్ష కాగితము ఒకటి ఉంది, చూసి వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పండి" అని కోరారు.

పెద్దమ్మాయికి పెళ్ళయి ఆరేండ్లు. మొదటి రెండు కాన్పులు మూడవ నెలలోనే పోయాయి. మూడవసారి ఆరవ నెలలో బిడ్డ కడుపులోనే చనిపోయింది. పట్నములోని ఒక డాక్టరమ్మ ఏవో యాంటీబాడీల పరీక్షలు రాసింది. చేయించారు. ఒకటి పాజిటివ్, ఒకటి నెగటివ్ అని వచ్చింది. "పన్నెండు వారాలాగి మళ్ళీ చేయించండి, అప్పుడే మందు సంగతి తేలుస్తాను" అన్నదట ఆమె. ఆ పన్నెండు వారాలు ఆ ముందు వారముతోనే పూర్తయ్యాయి.

"అక్కా, పైసల కోసమే తిప్పుతున్నరేమో," అన్నది తల్లి, ఒక కొట్టు మెట్టు మీద కూర్చుంటూ. "ఒక్కసారి తీసిన నెత్తురు సాలదా? మళ్ల గదే పరీక్ష, గన్నే పైసలు. ఇంట్ల పెండ్లి వెట్టుకున్నం."

తండ్రి నోరు విప్పలేదు. కాగితములో 'లూపస్' అన్న మాట చూసి అది క్యాన్సరుకు మరో పేరనుకున్నాడని తరువాత తెలిసింది.

తల్లి అడిగిన ప్రశ్న న్యాయమైనదే. ఆ రోజు ఆమెకు చెప్పినది, ఇంటికి వచ్చి మేము మరికొంత చదివి తెలుసుకున్నది కలిపి ఇక్కడ రాస్తున్నాము. మన సంఘాలలో ఇటువంటి కాగితము పట్టుకుని తిరిగే ఇండ్లు మరికొన్ని ఉండకపోవు.

రక్తము గడ్డకట్టడము పాలు తోడుకోవడము వంటిది. కాలికి కొడవలి తగిలితే వెంటనే తోడుకోవాలి, నాళములో పారుతున్నంతసేపు తోడుకోకూడదు. ఈ రెండింటి మధ్య దేహము ఒక తూకము నిలుపుకుంటుంది. బయటనుండి వచ్చే రోగక్రిములను పట్టుకోవడానికి మన రక్తములో యాంటీబాడీలనే కావలివారున్నారు. కొందరిలో ఈ కావలివారు దారి తప్పి, దేహములోని స్వంత పదార్థాల మీదికే లేస్తారు. కంచే చేను మేసినట్టు. ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు పదార్థానికి, దానిని అంటుకుని ఉండే కొన్ని మాంసకృత్తులకు విరోధముగా లేచే వాటిని యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలంటారు. ఇవి ఉన్నవారిలో కొందరికి కాలి నాళములో రక్తము గడ్డకట్టి కాలు వాస్తుంది. ఆ గడ్డ ఊపిరితిత్తులకు ఎక్కితే ప్రాణము మీదికి వస్తుంది. చిన్న వయసులోనే పక్షవాతము వచ్చినవారూ ఉన్నారు. గర్భిణిలో ఇవి మావి మీద పడతాయి. బిడ్డకు ఆహారము, ప్రాణవాయువు అందించే ఆ మావి సరిగా ఎదగక, దాని నాళాలు మూసుకుపోయి బిడ్డ నిలవదు.

వీటిని కనిపెట్టడానికి మూడు పరీక్షలున్నాయి. లూపస్ యాంటీకోయాగ్యులెంట్, యాంటీకార్డియోలిపిన్, యాంటీ బీటా-2 గ్లైకోప్రోటీన్ వన్. పేర్లు నోరు తిరగవు గానీ, మొదటి పేరు మీద మాత్రము ఒక మాట చెప్పాలి, ఎందుకంటే అది రెండు విధాల తప్పుదారి పట్టిస్తుంది. 1952లో అమెరికాలో కాన్లీ, హార్ట్‌మన్ అనే వైద్యులు లూపస్ అనే జబ్బున్న ఇద్దరిలో దీనిని మొదట వర్ణించినందున 'లూపస్' అన్న మాట అంటుకుంది. ఇది ఉన్నవారిలో చాలామందికి ఆ జబ్బే ఉండదు. క్యాన్సరుతో లూపస్‌కు సంబంధము అంతకంటే లేదు. ఇక 'యాంటీకోయాగ్యులెంట్' అంటే రక్తము గడ్డకట్టనివ్వనిదని అర్థము. గాజు గొట్టములో నిజముగానే అది ఆలస్యము చేస్తుంది, కాని దేహములో దానికి సరిగ్గా వ్యతిరేకముగా గడ్డలు కట్టిస్తుంది! ఇన్నేండ్లయినా ఆ పేరు మార్చలేదు.

రెండవ పరీక్ష కథ మన కుటుంబాలకు మరింత దగ్గరది. దానిని కొంత నిదానముగా చెప్పాలి.

1906లో జర్మనీలో వాసర్మన్ అనే వైద్యుడు, ఆయన తోటివారు సవాయి రోగానికి, అంటే సిఫిలిస్‌కు రక్తపరీక్ష కనిపెట్టారు. ఆ పరీక్షలో పనిచేసే అసలు పదార్థమేమిటో చాలాకాలము తెలియలేదు. 1941లో న్యూయార్కు రాష్ట్రపు ప్రయోగశాలలో మేరీ పాంగ్‌బోర్న్ అనే శాస్త్రవేత్త ఎద్దు గుండెనుండి దానిని వేరుచేసింది. గుండెనుండి వచ్చినది గనుక కార్డియోలిపిన్ అని పేరు పెట్టింది. గర్భిణీ స్త్రీలకు చేస్తూ వచ్చిన వి.డి.ఆర్.ఎల్. పరీక్షలో ఉన్నది ఈ కార్డియోలిపినే. ఆర్.పి.ఆర్. అనే పరీక్షలోనూ ఇదే.

ఇప్పుడు ఆలోచించండి. ఒక స్త్రీ రక్తములో కార్డియోలిపిన్‌కు విరోధమైన యాంటీబాడీ ఉంది. ఆమెకు సవాయి లేదు, ఎన్నడూ లేదు. అయినా వి.డి.ఆర్.ఎల్. పాజిటివ్ అని రావచ్చు. పరీక్ష అబద్ధమాడలేదు. తనకు తెలిసినది చెప్పింది, చదివినవారు మరో విధముగా చదివారు. ఇటువంటప్పుడు టి.పి.హెచ్.ఎ. అనే మరొక పరీక్ష చేయిస్తే నిజము తేలుతుంది, ఎందుకంటే అది ఆ రోగక్రిమికే సంబంధించిన పరీక్ష.

మా ఎదుట కూర్చున్న అమ్మాయి విషయములో జరిగినది ఇదే. మూడవ గర్భములో ఎక్కడో వి.డి.ఆర్.ఎల్. చేశారు. పాజిటివ్ అని రాశారు. రెండవ పరీక్ష చేయించమని ఎవరూ చెప్పలేదు. కాగితము అత్తగారి చేతిలో పడింది. ఊరిలో పొక్కింది. బిడ్డ పోయిన నెలలోనే ఆ అమ్మాయిని పుట్టింటికి పంపేశారు. ఆమె మందిరానికి రావడము మానేసిందని పాస్టరుగారు మాతో ఫోనులోనే చెప్పారు గాని, కారణము ఆయనకూ పూర్తిగా తెలియదు. ఆ రోజు తల్లి కొంగులో ముడివేసిన పాత కాగితము కూడా తీసి చూపించినప్పుడు గాని మాకు అర్థము కాలేదు. కార్డియోలిపిన్ యాంటీబాడీ 60కి పైగా ఉన్న స్త్రీకి వి.డి.ఆర్.ఎల్. పాజిటివ్ రావడము వింత కాదు. 40 యూనిట్లు దాటితేనే డాక్టర్లు దానిని లెక్కలోకి తీసుకుంటారు.

అలాగని వి.డి.ఆర్.ఎల్. పరీక్షనే మానేయాలని ఎవరూ అనుకోకూడదు. సవాయి నిజముగా ఉంటే పెన్సిలిన్‌తో తల్లినీ బిడ్డనూ కాపాడవచ్చు గనుక గర్భిణికి ఆ పరీక్ష తప్పక చేయించాలి. పాజిటివ్ వస్తే వెంటనే రెండవ పరీక్ష చేయించాలి. అది తేలేవరకు కాగితము డాక్టరు దగ్గర ఉండాలి గాని వాకిట్లో కాదు.

కార్డియోలిపిన్ యాంటీబాడీని నేరుగా కొలిచే పద్ధతి 1983లో లండనులో గ్రాహం హ్యూస్, నైజెల్ హారిస్, వారి తోటివారు తయారుచేశారు. అప్పటినుండే గర్భస్రావాలు, కాలి గడ్డలు, చిన్నవయసు పక్షవాతము ఒకే జబ్బు కొమ్మలని లోకానికి స్పష్టమైంది. దీనిని హ్యూస్ సిండ్రోమ్ అని కూడా అంటారు.

ఇక లూపస్ యాంటీకోయాగ్యులెంట్ పరీక్ష ఎలా చేస్తారో చెబితే మన రైతు కుటుంబాలవారు ఆశ్చర్యపోతారు. అందులో వాడేది రక్తపింజరి విషము! చేనిగట్ల మీద, గడ్డివాముల దగ్గర మనకందరికీ తెలిసిన పామే. దానికి ఇంగ్లీషులో రస్సెల్స్ వైపర్ అని పేరు వచ్చింది ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుని వలన. ఈయన 1781లో తమ్మునితో కూడ విశాఖపట్నము వచ్చి, 1785లో ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రవేత్తగా నియమింపబడి, 1789 వరకు మన తీరములో ఉన్నాడు. విషమున్న పామేదో లేనిదేదో తేల్చాలని పాములను పోగుచేయించి పరీక్షించాడు. 1796లో అచ్చయిన ఆయన పుస్తకములో ఈ పాము పేరు మన తెలుగులోనే ఉంది: కాటుక రేకుల పొడ. వీపు మీది నల్లని రేకుల వరుసను చూసి మన పూర్వులు పెట్టిన ఆ పేరెంత చక్కనిదో!

రక్తపింజరి కరిచినవానిని పెద్దాసుపత్రికి తీసుకువెళితే, డాక్టరు కొంచెము రక్తము శుభ్రమైన గాజు గొట్టములో పోసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచడము మీలో కొందరు చూసి ఉంటారు. ఆ పాము విషము రక్తాన్ని విపరీతముగా తోడుకునేలా చేస్తుంది. దాంతో గడ్డకట్టే సరుకంతా ఖర్చయిపోయి, తరువాత కారే రక్తము గడ్డకట్టదు. ఇరవై నిమిషాల తరువాత గొట్టమును వంచితే రక్తము నీళ్ళలా జారితే, విషము ఎక్కిందని అర్థము.

ఈ గుణాన్నే మనుష్యులు మేలుకు వాడుకున్నారు. 1934లో ఇంగ్లాండులో మాక్‌ఫార్లేన్, బార్నెట్ అనేవారు హీమోఫీలియా రోగుల గాయాలనుండి కారే రక్తాన్ని ఆపడానికి ఈ విషాన్ని పలుచన చేసి పూశారు. 1986లో త్యాగరాజన్ అనే వైద్యుడు, ఆయన తోటివారు కలిసి లూపస్ యాంటీకోయాగ్యులెంట్‌ను పట్టుకోవడానికి దానిని ఉపయోగించే పద్ధతిని ప్రకటించారు. బాగా పలుచన చేసిన విషము, కొంచెము ఫాస్ఫోలిపిడ్, కాల్షియం కలిపి రోగి రక్తరసములో వేసి ఎన్ని సెకన్లకు గడ్డకడుతుందో చూస్తారు. యాంటీబాడీ ఉంటే అది ఫాస్ఫోలిపిడ్‌ను పట్టుకుని కూర్చుంటుంది గనుక ఆలస్యమవుతుంది. అప్పుడు ఫాస్ఫోలిపిడ్‌ను మరింత ఎక్కువగా పోసి మళ్ళీ చూస్తారు. పట్టుకున్నంత పట్టుకున్నా ఇంకా మిగులుతుంది గనుక ఈసారి ఆలస్యము తగ్గిపోతుంది. తగ్గితేనే అది లూపస్ యాంటీకోయాగ్యులెంట్. డి.ఆర్.వి.వి.టి. అని కాగితము మీద ఉండేది ఈ పరీక్షే.

ఇంత సున్నితమైన పరీక్ష గనుక రక్తము తీయడములోనే సగము పని ఉంది. నీలిరంగు మూత గొట్టములోనే తీయాలి. అందులో సిట్రేటు ద్రావణముంటుంది, నిమ్మపులుపుకు దగ్గరి చుట్టము. తొమ్మిది పాళ్ళ రక్తానికి ఒక పాలు. గీత వరకు నిండకపోతే ఆ లెక్క తప్పుతుంది. కొద్ది గంటలలోనే యంత్రములో రెండుసార్లు తిప్పి ప్లేట్‌లెట్లనే కణాలను పూర్తిగా తీసివేయాలి. అవి మిగిలితే పగిలి, వాటి ఫాస్ఫోలిపిడ్ బయటికి వచ్చి యాంటీబాడీని మింగేస్తుంది. అప్పుడు జబ్బు ఉన్నా నెగటివ్ అని వస్తుంది. ఈ అమ్మాయి మొదటి నమూనా ఒక చిన్న పట్టణములో తీసి, ఎండలో మోటారు సైకిలు మీద, ఆపైన బస్సులో నగరానికి చేరిందట. ఆ 'నెగటివ్' మాట మీద మాకు నమ్మకము కలగలేదు. డాక్టరమ్మకూ కలిగి ఉండదు. కార్డియోలిపిన్ పరీక్ష ప్రయాణానికి అంతగా చెడదు గనుక అది దొరికింది. పరీక్ష ఎక్కడ చేస్తారో అక్కడికే మనిషి వెళ్ళి రక్తమివ్వడము మంచిది. హెపారిన్, వార్ఫరిన్ వంటి రక్తము పలుచన చేసే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి, అవి ఈ పరీక్షను తారుమారు చేస్తాయి. మందును మాత్రము ఎవరంతట వారు ఆపకూడదు.

అయితే మొదటిసారి రక్తము సరిగ్గా తీసినా రెండవసారి తప్పదు. మలేరియా, కొన్ని వైరస్ జ్వరాలు వచ్చినప్పుడు ఈ యాంటీబాడీలు అతిథులవలె వచ్చి, కొన్ని వారాలుండి వెళ్ళిపోతాయి. వాటివలన గర్భము పోదు, వాటికి మందూ అక్కరలేదు. ఇల్లు కట్టుకుని ఉండేవే కీడు చేసేవి. 2006లో ప్రకటించిన అంతర్జాతీయ నియమాల ప్రకారము కనీసము పన్నెండు వారాల ఎడముతో రెండుసార్లు కనబడాలి. డాక్టరమ్మ తిప్పడము లేదు. నెలల తరబడి సూదులు పొడిపించుకోవలసిన చికిత్సను అక్కరలేని స్త్రీకి అంటగట్టకూడదని ఆగింది.

ఇది విన్న తరువాత తండ్రి మొదటిసారి మాట్లాడాడు. "మరి ఉన్నదని తేలితే మందున్నదా, సారూ?"

ఉన్నది. 1997లో లండను సెయింట్ మేరీస్ ఆసుపత్రివారు ఈ యాంటీబాడీలు ఉండి మాటిమాటికి గర్భము పోయిన 90 మంది స్త్రీలతో చేసిన పరిశీలనను ప్రకటించారు. చిన్న మోతాదు ఆస్పిరిన్ మాత్రమే వాడిన 45 మందిలో 19 మందికి బిడ్డలు దక్కారు. ఆస్పిరిన్‌తో పాటు రోజూ హెపారిన్ సూదులు తీసుకున్న 45 మందిలో 32 మందికి దక్కారు. అందరికీ దక్కలేదన్నది నిజము. కాని మూడుసార్లు ఒట్టి చేతులతో ఇంటికి వచ్చిన తల్లికి ఆ లెక్క చిన్నది కాదు. హెపారిన్ మావిని దాటి బిడ్డకు చేరదు. వార్ఫరిన్ చేరుతుంది, మొదటి నెలల్లో బిడ్డ అవయవాలకు కీడు చేయగలదు. అందువలన కాలి గడ్డకు వార్ఫరిన్ వాడుతున్న స్త్రీ గర్భము కోరుకుంటే ముందుగానే డాక్టరుకు చెప్పాలి. ఆస్పిరిన్ చవక మాత్రే గదా అని అంగడిలో కొని మింగరాదు.

ప్రతి స్త్రీకీ ఈ పరీక్షలు అవసరము లేదు. ఒక్కసారి తొలి నెలల్లో గర్భము పోయిందని పరుగెత్తనక్కరలేదు, అది చాలా ఇండ్లలో జరిగేదే, తరువాతి కాన్పు సాధారణముగా నిలుస్తుంది. వరుసగా పోతున్నా, పదవ వారము దాటిన బిడ్డ కారణము లేకుండా చనిపోయినా, తీవ్రమైన రక్తపోటు వలన నెలలు నిండకముందే కాన్పు చేయవలసి వచ్చినా, చిన్న వయసులో కాలిలో గడ్డో పక్షవాతమో వచ్చినా డాక్టరును అడగాలి. మనవాళ్ళకు వేలూరు అంటే గురి ఎక్కువే గాని దీనికి అంత దూరము అక్కరలేదు. పంజాగుట్ట నిమ్స్‌లో ఇటువంటి జబ్బులు చూసే రుమటాలజీ విభాగమున్నది.

మధ్యాహ్నమైంది. సామాను చీటీలో ఇంకా ఒక ఇత్తడి గంగాళము మిగిలింది. మంచి బరువున్నది. ధర విని తల్లి కూతుళ్ళ ముఖాలు చూసింది. గంగాళము, పరీక్ష రెండింటికీ డబ్బు చాలదు. పెళ్ళికూతురే అన్నది: "గంగాళం వద్దమ్మా. అక్క నెత్తురు ఇయ్యనీ."

ఆ సాయంత్రమే పరీక్ష చేసే చోటికే తీసుకువెళ్ళి రక్తమిప్పించాము. డాక్టరమ్మతో ఫోనులో మాట్లాడి టి.పి.హెచ్.ఎ. కూడా చేర్చాము. గొట్టము గీతదాకా నిండిందో లేదో మాలో ఒకరు వంగి చూస్తుంటే అక్కడి కుర్రవాడు నవ్వాడు.

వారానికి కాగితాలు వచ్చాయి. కార్డియోలిపిన్ మళ్ళీ పాజిటివ్. ఈసారి లూపస్ యాంటీకోయాగ్యులెంట్ కూడా పాజిటివ్. టి.పి.హెచ్.ఎ. నెగటివ్.

ఆ చివరి కాగితము తీసుకుని పాస్టరుగారు, తండ్రి కలిసి అల్లుని ఊరు వెళ్ళారు. అత్తగారు కాగితమును చేత్తో పట్టుకోలేదట. మామగారు మాత్రము చదివించుకుని విన్నాడు. అల్లుడు మరుసటి ఆదివారము వచ్చి భార్యను తీసుకువెళ్ళాడు, ముందుగా మందిరానికి, తరువాత ఇంటికి.

మేమిది రాసే సమయానికి ఆమెకు ఏడవ నెల. రోజూ సాయంత్రము హెపారిన్ సూది కడుపు చర్మము కింద తానే వేసుకుంటుంది, నర్సు నేర్పింది. కాన్పు తరువాత కూడా ఆరు వారాలు వేసుకోవాలి. కడుపు మీద నీలి మచ్చలు పడ్డాయని చెల్లెలికి ఫోనులో చెప్పి నవ్విందట. చెల్లెలి పెళ్ళి అయిపోయింది. గంగాళము ఇంకా కొనలేదు.